ఆదివారం పసరు

నాకు ఒక్కచోట కుదురుగా కూర్చోవడం చేతకాదు. టీ గ్లాసు చేత్తో పట్టుకుని ఇల్లంతా తిరుగుతాను. ఫోను మోగితే మాట్లాడుతూ వరండా ఈ చివర నుంచి ఆ చివరకు పోయి వస్తాను. నాంపల్లి కోర్టుల దగ్గర ఒక నోటరీ ఆఫీసులో టైపు చేస్తాను. పొద్దస్తమానం కుర్చీలో ఉండాల్సిన ఉద్యోగం, అయినా బల్ల కింద కాళ్లు ఆడుతూనే ఉంటాయి. "అరికాళ్లల్ల చక్రాలున్నయి నీకు" అనేది మా అత్తమ్మ. అలాంటి నాకు ఆమె అప్పజెప్పిన పని ఏమిటంటే, ఆదివారం పొద్దున్నే నోరు విప్పకుండా వెళ్లి, ఒక కలుపు మొక్క ఆకులు కోసుకుని, నోరు విప్పకుండా తిరిగి రావడం. కాళ్లకు పని దొరికింది కదా అని సంతోషించాలో, నోటికి తాళం పడిందని ఏడవాలో తెలిసేది కాదు.

అది చెవి మందు. ఆబిడ్స్ వెనక సందులో మా ఇల్లు. కింద కిరాయికి ఉండేవాళ్లు, పైన మేము. చెవిపోటు వచ్చినా, చెవి కారినా ఆ చుట్టుపక్కల వాళ్లు మా మెట్లెక్కి వచ్చేవారు. ఇస్త్రీ బండి ఆయన, మొజంజాహీ మార్కెట్‌లో బత్తాయిలు అమ్మే ఆవిడ, ఇద్దరు ముగ్గురు లాయర్ల భార్యలు కూడా. అత్తమ్మ వరండాలో పీట వేసుకుని కూర్చుని, ఆకును ఉప్పు రవ్వతో అరచేతిలో నలిపి, పసరును ఉగ్గుగిన్నెలోకి పిండి, చెవిలో చుక్కలు వేసేది. ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకునేది కాదు. నిమ్మకాయ తెచ్చినా వెనక్కి పంపేది. పుట్టింటి నుంచి వాళ్లమ్మ ఇచ్చి పంపిన మందు అది. బంగారం కంటే దాన్నే ఎక్కువ భద్రంగా దాచుకుందని నా అభిప్రాయం, ఎందుకంటే బంగారం ఎక్కడుందో మా ఇంట్లో అందరికీ తెలుసు.

ఆ మందుకు కట్టుబాట్లు చాలా ఉన్నాయి. ఆదివారం, లేదా గురువారం. పరగడుపున. కోసేవాళ్లు దారిలో మాట్లాడకూడదు. అన్నిటికంటే పెద్దది, ఆ మొక్క పేరు పలకకూడదు. పసరు పిండిన తర్వాత ఎవరైనా పేరు పలికితే ఆ మందు ఇచ్చే చేతిలోంచి పోతుంది, మళ్లీ రాదు. ఎవరి కోసం పిండారో వాళ్లకు ఇక ఏ చేతి మీదుగా ఇచ్చినా పట్టదు. కాబట్టి మా ఇంట్లో దాన్ని "అది" అనేవాళ్లం. "అది మొలిసిందా", "అది పూతకొచ్చిందా" అని అత్తమ్మ అడుగుతుంటే, కొత్తగా వచ్చినవాళ్లు ఇంకేదో అనుకుని తల దించుకునేవారు.

పేరు నాకు తెలుసు. మా తాతయ్య యాభై ఆరులో రాష్ట్రం ఏర్పడినప్పుడు తెనాలి వైపు నుంచి గుమాస్తాగా వచ్చి హిమాయత్‌నగర్‌లో స్థిరపడ్డాడు. ఆ ఇంటి పెరట్లో వాన పడితే చాలు, మోకాలెత్తున మొలిచేది. నాలుగు రేకుల పసుపు పూలు, నిటారుగా నిలబడే సన్నటి కాయలు, ఆకు పట్టుకుంటే చేతికి జిగురు, సబ్బుతో కడిగినా పోని ఘాటు వాసన. "కుక్కవామింట అది, పీకి అవతల పారెయ్" అనేది మా నాయనమ్మ. కాయ చిదిపితే లోపల అచ్చం ఆవాల్లాంటి గింజలు. అడవి ఆవాలని కూడా అంటారట. ఆవిడ దృష్టిలో అది తోటకూర మడికి పట్టిన దరిద్రం, అంతే. పెళ్లయ్యాక చాలా ఏళ్లకు, అత్తమ్మ నన్ను నాంపల్లి స్టేషను వైపు రైల్వే గోడ దగ్గరికి తీసుకుపోయి, మాట్లాడకుండా వేలితో దాన్నే చూపించినప్పుడు, పేరు నాలుక చివరిదాకా వచ్చింది. పళ్లతో ఆపుకున్నాను.

ఆమె మోకాళ్లు మొరాయించాక కోత నా పాలబడింది. వానాకాలంలో అయితే వెతికే పని లేదు. రైల్వే గోడ పొడుగునా, నుమాయిష్ మైదానం అంచుల్లో, మెట్రో కట్టినప్పుడు మిగిలిపోయిన రాళ్ల కుప్పల సందుల్లో, ఎక్కడ చూసినా అదే. ఎండాకాలంలో చెవిపోటు తెచ్చుకున్నవాళ్లు మాత్రం తొలకరి దాకా ఓపిక పట్టాలి. నోరు మూసుకుని గోడ పక్కన వంగి ఆకులు తుంచుతుంటే ఆటో డ్రైవర్లు అడిగేవారు.

"ఏం పోయింది మేడం? ఎతుకమంటరా?"

నేను చెయ్యి ఊపేదాన్ని. ఒకాయన పక్కవాడితో "పాపం, మాట రాదు" అన్నాడు నాకు వినబడేట్టే. ఇంకోసారి మా ఆఫీసుకు వచ్చే క్లయింటు ఎదురుపడి నమస్కారం పెడితే, నేనూ నమస్కారం పెట్టి దాదాపు పరుగెత్తాను. సోమవారం పన్ను నొప్పి అని చెప్పుకోవాల్సి వచ్చింది. ఇదంతా నమ్మి చేశానా అంటే, సగం. తగ్గినవాళ్లను చూశాను. వాళ్లకు మందు లేకపోయినా తగ్గేదేమో అని కూడా అనుకున్నాను. మిగతా సగం నమ్మకం లేకపోయినా అత్తమ్మకు ఎదురుచెప్పే ధైర్యం లేక, ఆదివారాలు అలా గడిచాయి.

మొన్నటి వానాకాలంలో మా ఆడపడుచు కూతురికి చెవి నొప్పి మొదలైంది. ఒకటో తరగతి చదివే పాప. జలుబుతో మొదలై, ఒకరోజంతా ఏడ్చి ఏడ్చి, ఆ తర్వాత చెవిలోంచి చీము కారి, నొప్పి తగ్గింది. ఆడపడుచు ఉండేది హిమాయత్‌నగర్‌లో. తోడు రమ్మంటే నేనూ డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఆయన లైటు వేసి చూసి, చెవి లోపలి తెరకు చిల్లు పడిందన్నాడు. మాత్రలు, చుక్కల మందు రాశాడు. "చెవిలోకి నీళ్లు పోనివ్వకండి, స్నానానికి దూది పెట్టండి. చాలామందికి అదే పూడుకుంటుంది. కొన్ని వారాలు పట్టొచ్చు, మళ్లీ తీసుకురండి" అన్నాడు. గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ నేను ఆ మాటలే మళ్లీ ఒకసారి మా ఆడపడుచుకు చెప్పాను. నా అలవాటు అది, ఎవరికైనా రెండోసారి చెప్పకపోతే నాకు తోచదు.

తర్వాతి శనివారం సాయంత్రం ఆమె ఫోన్ చేసింది.

"వదినా, రేపు పాపను తీస్కొస్తున్న. చీము ఆగుతలేదు. అమ్మతోని పసరు పోయించుకుంట. నువ్వు జర పొద్దుగాల ఆకు తెచ్చి పెట్టు."

"డాక్టరు ఏమన్నాడో గుర్తుందా నీకు?" అన్నాను.

"ఎందుకు గుర్తులేదు. నీళ్లు పోనియ్యొద్దన్నడు. పసరు నీళ్లా?"

ఆమె బుద్ధిలేనిది కాదు. బీకాం చదివింది, మా అందరి ఇన్‌కమ్ టాక్స్ ఆమే చూస్తుంది. నీళ్లు వద్దన్నారు కాబట్టి నీళ్లు వద్దు. పసరు వేరు, అది అమ్మ చేయి. ఆ ఇంట్లో పుట్టి పెరిగినవాళ్లకే ఆ లెక్క అర్థమవుతుంది.

"చిల్లు ఉంది కదా. పోసింది ఏదైనా లోపలికి పోతుంది. అసలు అత్తమ్మకు చిల్లు సంగతి చెప్పావా?"

"అమ్మకెందుకు, ఫికర్ చేస్తది. చెవి కారుతుందని చెప్పిన." గొంతు మార్చి అంది. "అంటే మా అమ్మ చేతి మీద నీకు నమ్మకం లేదన్నట్టు. ఇన్నేండ్ల సంది ఆకు తెచ్చుడే గాని."

ఫోన్ పెట్టేసింది. నేను వరండాలో నడవడం మొదలుపెట్టాను.

మా ఆయనకు చెప్పాను. ఇంట్లో ఏ గొడవ వచ్చినా ఆయనకు వెంటనే కళ్లజోడు తుడుచుకోవాలనిపిస్తుంది. ఆబిడ్స్‌లో కళ్లజోళ్ల షాపు నడుపుతాడు కాబట్టి వృత్తిధర్మం అనుకోవాలి. అద్దాలు రెండు వైపులా తుడిచి, వెలుతురుకు పెట్టి చూసి, "అమ్మకు నువ్వే చెప్పు, నువ్వైతే మంచిగ చెప్తవు" అన్నాడు. ఎవరి తల్లి, ఎవరు చెప్పాలి అని అడిగితే, షాపులో ఏదో మరిచిపోయానని లేచాడు. ఆయన మీద వచ్చిన కోపం ఎక్కడ చూపించాలో తెలియక దుప్పట్లన్నీ దులిపి మళ్లీ మడతలు పెట్టాను.

అత్తమ్మ గదిలోకి ఎన్నిసార్లు వెళ్లి వచ్చానో. ఒకసారి ఆమె మెంతులు ఏరుతోంది. ఒకసారి కళ్లు మూసుకుని ఏదో స్తోత్రం చదువుకుంటోంది. "ఏంది బిడ్డా" అంటే "ఏం లేదు అత్తమ్మా" అని వచ్చేశాను. ఏమని చెప్పాలి? కోడలు వచ్చి, నీ మందు నీ మనవరాలికే చెరుపు చేస్తుంది అంటే, ఆ మాటకు ఎన్ని అర్థాలు వస్తాయో నాకు తెలుసు. మీ ఆంధ్రోళ్లకు మా మందులు ఎందుకు ఆనుతాయి అని నవ్వులాటకు అనే మాట ఈసారి నవ్వు లేకుండా వస్తుంది. దానికంటే పెద్ద భయం ఇంకోటి ఉంది. మామయ్య పోయాక ఆ ఇంట్లో ఆమె చేతిలో మిగిలింది ఆ పసరు ఒక్కటే. వంట నాది, తాళాలు నావి, పాలవాడితో గొడవ కూడా నాదే. ఆదివారం పొద్దున ఆ పీట మీద కూర్చున్నప్పుడు మాత్రం ఆమె నడుం నిటారుగా అయ్యేది.

పండ్లు తెస్తానని చెప్పి మొజంజాహీ మార్కెట్ దాకా నడిచాను. గడియార స్తంభం చుట్టూ తిరిగి, ఐస్‌క్రీం దుకాణాల ముందు కుర్చీల మధ్యలోంచి దారి చేసుకుని, పండ్లు కొనకుండానే తిరిగొచ్చాను. "పండ్లేవి?" అంది అత్తమ్మ. "బాగాలేవు" అన్నాను. వానాకాలం సీతాఫలాలు బండ్ల నిండా ఉన్న రోజులవి.

ఆదివారం పొద్దున వాన ఆగి ఉంది. రైల్వే గోడ పొడుగునా అది తెగ మొలిచి, పసుపు పూలతో నిండుగా ఉంది. కోయకుండా వెళ్లిపోవచ్చు, కార్పొరేషన్ వాళ్లు పీకేశారని చెప్పవచ్చు అనుకున్నాను. కానీ ఈ ఆదివారం లేకపోతే గురువారం ఉంది, గురువారం కాకపోతే వచ్చే ఆదివారం. ఆడపడుచు సంగతి నాకు తెలుసు, పట్టిన పట్టు విడవదు. వేరే ఆకు తీసుకుపోదామా అంటే అత్తమ్మ కంటితో చూడనక్కర్లేదు, వాసన పడుతుంది. నిలబడి నిలబడి, ఒక్కటే దారి కనిపించింది. పసరు పిండాక పేరు పలికేయడం. ఒక్క మాట. పాపకు ఇక ఎవరూ ఏ పసరూ పోయరు. అత్తమ్మ చేతిలోంచి మందు పోతుంది. మళ్లీ రాదు.

ఆకులు కోసి కొంగులో వేసుకున్నాను. తిరిగి వచ్చే దారంతా నోరు మూసుకునే నడిచాను, కట్టుబాటు ప్రకారం. నోరు మూసుకుని నడుస్తూ, ఇంటికి పోయి నోరు తెరిచి ఎలా అనాలా అని ఆలోచించాను. వాళ్ల మందును వాళ్ల కట్టుబాటుతోనే చంపబోతున్నాను. అది మంచి పనో చెడ్డ పనో తేల్చుకోలేక కాళ్లు ఇంకా వేగంగా పడ్డాయి. స్టేషను ముందు నుంచి ఆబిడ్స్ దాకా ఎప్పుడు వచ్చానో తెలియలేదు.

అప్పటికే వాళ్లు వచ్చి ఉన్నారు. పాప చెవిలో దూది పెట్టుకుని వరండా గచ్చు మీద కూర్చుని ఉంది. ఆడపడుచు నా ముఖం చూడలేదు. అత్తమ్మ తలస్నానం చేసి, తడి జుట్టు ముడి వేసుకుని, పీట మీద నిటారుగా ఉంది. నా కొంగులోంచి ఆకులు తీసుకుని, ఉప్పు రవ్వ వేసి, ఎడమ అరచేతిలో కుడి బొటనవేలితో నలిపింది. ఆకుపచ్చ చుక్కలు ఉగ్గుగిన్నెలో పడ్డాయి. వరండా అంతా ఆ ఘాటు వాసన. "రా బిడ్డా, పండుకో" అని మనవరాలిని ఒళ్లోకి పిలిచింది. పాప లేచి వెళ్లి ఒళ్లో తల పెట్టింది. అత్తమ్మ దూది తీసింది.

నేను అనుకున్న మాట కాక వేరే మాట వచ్చింది నా నోటినుంచి.

"అత్తమ్మా, పాప చెవి తెరకు చిల్లు పడిందన్నాడు డాక్టరు."

ఉగ్గుగిన్నె పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది. "ఏంది?" అంది.

"చెవి పర్దా. లోపల. దానికి చిల్లు ఉంది. చెవిలో ఏమీ పోయకూడదు అన్నాడు."

"నీళ్లు అన్నడు" అంది ఆడపడుచు.

అత్తమ్మ కూతురి వైపు చూసింది. "నాకెందుకు చెప్పకపోతివి?"

"చెప్తే నువ్వు పొయ్యవని."

ఆ మాట అన్నాక ఆమెకే ఏదోలా అనిపించినట్టుంది, కిటికీ వైపు చూసింది. ఒళ్లో ఉన్న పాప తల నిమురుతూ అత్తమ్మ అడిగింది.

"డాక్టరిచ్చిన మందు చెవిల ఏస్తరు కదా. ఏస్తే ఏమైతది నీకు?"

"గొంతుల చేదు అయితది అమ్మమ్మా" అంది పాప.

చెవిలో వేసిన మందు గొంతులో చేదు. డాక్టరు లైటు వేసి చూసి చెప్పినదాని కంటే, నేను శనివారమంతా తిరిగి తిరిగి కూర్చుకున్న మాటల కంటే, ఆమెకు ఆ ఒక్క మాట సరిపోయింది. గిన్నెలోని పసరు వైపు చూసింది. చెవికీ గొంతుకూ మధ్య దారి తెరిచి ఉందని, తాను పోసింది ఆ దారిలో దిగుతుందని ఆమె ముఖంలో కనబడింది.

"ఏం కాదమ్మా, నీ చెయ్యి మీద నాకు నమ్మకం" అంది ఆడపడుచు. పంతం కాదది, భయం. పిల్ల రాత్రుళ్లు చెవి పట్టుకుని లేస్తుంటే చూస్తున్న తల్లి భయం. "నువ్వు పొయ్యకుంటే బేగంబజార్ల ఇంకొకాయన ఇస్తడట. గాడికి తీస్కపోత."

ఇక నేనే అనాలి. ఒక అడుగు ముందుకు వేశాను. పేరు నాలుక మీద ఉంది. అప్పుడు అత్తమ్మ తలెత్తి నా వైపు చూసింది. ఆ చూపుతో నాకు తెలిసిపోయింది, ఆ పేరు నాకు తెలుసునని ఆమెకు మొదటినుంచీ తెలుసు. ఆగమన్నట్టు చెయ్యి ఎత్తింది. ఎత్తి, పాలు వచ్చాయని చెప్పినంత మామూలుగా అంది.

"కుక్కవాయింట."

మా నాయనమ్మ వామింట అనేది, ఈమె వాయింట అంది. నేను ఆ ఇంట్లో అడుగుపెట్టినప్పటి నుంచి ఆమె నోట ఆ మాట వినడం అదే మొదలు. అందరం వింటుండగా ఇంకోసారి అంది, ఎవరికైనా సందేహం ఉండకుండా. తర్వాత పాప చెవిలో మళ్లీ దూది పెట్టి, పాపను లేపి కూర్చోబెట్టి, మోకాళ్లు పట్టుకుని లేచి, పసరును గిన్నెలు కడిగే జాలారు దగ్గర పారబోసింది. ఉగ్గుగిన్నె కడిగింది. మోచేతుల దాకా చేతులు కడుక్కుంది.

"అమ్మా, ఏం చేసినవే" అని ఆడపడుచు ఏడ్చింది. ఏడుస్తూనే నా వైపు చూసింది.

"వదిన మొఖం ఏం చూస్తవు? అన్నది నేను" అంది అత్తమ్మ. "ఇగ నీ బిడ్డకు ఎవ్వల పసరు పట్టది. రేపు డాక్టరు తానికి తీస్కపో. నేను గూడ వస్త."

వాళ్లు వెళ్లాక నేను వరండా తుడుస్తుంటే, పీట గోడకు ఆనించి పెడుతూ అంది. "నువ్వు ఆ పేరు అందువని తెలుసు. నీ నోట్లకెళ్లి వస్తే నీ ఆడిబిడ్డ నిన్ను జన్మల మాఫ్ చెయ్యకపోవు." నేను తుడిచిన చోటే మళ్లీ తుడిచాను. నాకు ఏడుపొచ్చింది. ఆమెను కాపాడుతున్నానని, పాపను కాపాడుతున్నానని ఊరంతా తిరిగాను. ఆమె కూర్చున్న చోటినుంచి లేవకుండా మా ముగ్గురినీ కాపాడేసింది.

మందు నిజంగా ఆమె చేతిలోంచి పోయిందా అంటే నేనేం చెప్పగలను? ఆమెకు మాత్రం పోయింది. ఎవరు మెట్లెక్కి వచ్చినా "నా చేతిల లేదిప్పుడు. దవాఖానకు పోండ్రి" అనేది. "కోడలికన్న ఇయ్యకపోతివా" అని కొందరు నొచ్చుకున్నారు. నాకు ఆదివారాలు ఖాళీ అయ్యాయి. హాయిగా పడుకుందామనుకుంటే అదే వేళకు మెలకువ వచ్చి కాళ్లు లాగేవి. ఒకసారి ఊరికే స్టేషను దాకా నడిచి, దారిలో కనబడ్డ, నాకు మాట రాదన్న ఆ ఆటో ఆయనకు గుడ్ మార్నింగ్ చెప్పాను. ఆయన నా ముఖం చూసి బీడీ కింద పారేశాడు.

పాప చెవి పూడుకుంది. వారాలు పట్టింది, మధ్యలో ఇంకోసారి కారింది, మందు మార్చారు. చివరకు డాక్టరు లైటు వేసి చూసి బాగుందన్నాడు. ఆ సాయంత్రం ఆడపడుచు పాపతో మా ఇంటికి వచ్చింది, చేతిలో మార్కెట్ దగ్గరి సీతాఫలం ఐస్‌క్రీం డబ్బాతో. నాతో మామూలుగానే మాట్లాడింది. కొంచెం ఎక్కువే మాట్లాడింది, అది ఆమె పద్ధతిలో రాజీ. అత్తమ్మ పాపను దగ్గరికి తీసుకుని, చెవి పక్కన రెండు వేళ్లు రాపాడించి "ఇనవడుతుందా" అని అడిగింది. "ఇనవడుతుంది" అంది పాప. రెండో చెవి దగ్గర కూడా అలాగే చేసింది. అందరం నవ్వుకున్నాం. ఇక ఈ కథ ఇక్కడికి సరి అనుకున్నాను.

వాళ్లు వెళ్లాక నేను డబ్బా కడుగుతున్నాను. అత్తమ్మ గుమ్మం దగ్గర నిలబడింది.

"బిడ్డా, నేను పోసినోళ్లల్ల ఎవ్వలకన్న గట్లనే తూటు ఉండెనేమో?"

"ఉండదులే అత్తమ్మా."

"నీకెట్ల తెలుసు?"

నాకు తెలియదు.

"నేను ఎన్నడు లోపట చూడలే" అంది ఆమె. "చీము కారుతుందంటే పోసిన. ఎందుకు కారుతుందో అడగలే. చిన్న చిన్న పోరగాళ్లకు గూడ పోసిన. గొంతుల చేదు అయితుందా అని ఒక్కళ్లనన్న అడగకపోతి."

"అప్పుడు తెలియదు కదా."

"తెల్వదు" అంది. "ఇప్పుడు తెలిసె."

ఆ తర్వాత ఆమె ఒకచోట కూర్చోవడం మానేసింది. మోకాళ్ల నొప్పితో అవసరమైతే తప్ప మంచం దిగని మనిషి వరండా గోడ పట్టుకుని అటూ ఇటూ నడిచేది. మొదట నాకు అర్థం కాలేదు. ఒకరోజు చూశాను. కింద సందులో ఇస్త్రీ ఆయన వీపు ఇటు పెట్టి బండి సర్దుకుంటున్నాడు. అత్తమ్మ గోడ మీద వంగి, సన్నటి గొంతుతో ఆయన్ను పిలిచింది. ఆయన తిరగలేదు. ఇంకొంచెం గట్టిగా పిలిచింది. తిరగలేదు. లోపలికి వచ్చి మంచం మీద కూర్చుంది.

"ఆయన ఎప్పుడూ ఫోన్‌లో పాటలు పెట్టుకుంటాడు అత్తమ్మా, ఎలా వినబడుతుంది" అన్నాను. ఆమె తల ఊపింది. మర్నాడు పాటలు లేనప్పుడు చూసి మళ్లీ పిలిచింది. సందులో పోయేవాళ్లలో తాను పసరు పోసినవాళ్లు ఎవరు కనబడినా అంతే. వెనకనుంచి, మెల్లగా. తిరిగి చూసి "ఏందమ్మా" అంటే "ఏం లేదు, పో" అనేది, ఆ పూట అన్నం సయించేది. తిరగకపోతే ఆ రోజంతా మాట ఉండేది కాదు. డాక్టరు చేత మాట్లాడించాను. ఆయన ఓపికగానే చెప్పాడు, వయసు వల్ల, చప్పుళ్ల వల్ల, జబ్బుల వల్ల, ఎన్నిటివల్లనో వినికిడి తగ్గుతుందని. ఆమె మర్యాదగా విని, బయటకు రాగానే గేటు దగ్గర వాచ్‌మన్‌ను వెనకనుంచి పిలిచి చూసింది. ఆయనకు ఆమె ఎన్నడూ పసరు పోయలేదు. నాకు విసుగొచ్చింది, జాలేసింది, ఆ రెండూ ఒకేసారి వస్తే మనిషి ఏం చేయాలో ఇప్పటికీ తెలియదు.

మొన్న ఒక మధ్యాహ్నం నేను వంటింట్లో గిన్నెలు తోముతున్నాను. కుళాయి పూర్తిగా తిప్పి ఉంది. నాకు అన్నీ గబగబా అయిపోవాలి. ఏదో అనిపించి వెనక్కి తిరిగితే అత్తమ్మ గుమ్మం పట్టుకుని నిలబడి ఉంది. కళ్లనిండా నీళ్లు.

"ఎంతసేపటి సంది పిలుస్తున్న బిడ్డా" అంది.

అప్పుడు గుర్తొచ్చింది. పెళ్లయిన కొత్తలో, ఒక వానాకాలం, నాకు చెవిపోటు వస్తే ఆమె నన్ను ఒళ్లో పడుకోబెట్టుకుని పసరు పోసింది. నేను ఆ సంగతే మరిచిపోయాను. ఆమె ఇన్నాళ్లూ సందులో వాళ్లందరినీ పిలిచి చూసి, నన్ను చివరికి పెట్టుకుంది.

"కుళాయి చప్పుడు అత్తమ్మా" అన్నాను. "చప్పుడుకు వినబడలేదు, అంతే." కుళాయి కట్టేసి, "ఇప్పుడు పిలువు" అన్నాను. ఆమె పెదవులు కదిలాయి. "వినబడింది" అన్నాను. ఆమె నమ్మలేదు.

ఇప్పుడు కుళాయి సన్నగా తిప్పుకుని గిన్నెలు కడుగుతున్నాను.